కింది నుంచి జీఆర్ చదివే సారు

మనిషి పోగానే మంచివాడని చెప్పుకోవడం మనవాళ్లలో ఒక ఆచారం. ఆచారాలతో నాకున్న తగాదా తెలిసినవాళ్లు ఆ మాట కోసం ఈ పేజీల్లో వెతకరు. సారు మంచివాడో కాదో నేను విచారించలేదు. ఆయనకూ నాకూ మధ్య ఏళ్ల తరబడి ఒక వాదం నడిచింది. ఆ వాదంలో ఒక పక్షం ఇక మాట్లాడదు కాబట్టి రెండు పక్షాలూ నేనే రాయాల్సి వస్తోంది. న్యాయంగా రాస్తానని హామీ ఇవ్వను. ప్రయత్నిస్తాను.

ఈ వానాకాలంలో బాణామతి అంతా బూటకమని చెప్పే సభకు ముల్చేర పోయాను. తిరుగు ప్రయాణంలో అహేరిలో సిరోంచ బస్సు ఎక్కితే కండక్టరు టికెట్ మిషన్ మీద వేలు పెట్టి ఆగిపోయాడు. ఒకప్పుడు సారు దగ్గర చదువుకున్నవాడు.

"సారు పోయిండు గద," అన్నాడు. "మీకు అప్‌డేట్ రాలేదా?"

రాలేదన్నాను.

"ఎట్ల వస్తది? అప్‌డేట్లు చెప్పేటాయనే పోయె," అని టికెట్ చింపి చేతిలో పెట్టి ముందుకు కదిలాడు.

సారు ఎవరో తెలియనివాళ్లకు కొంచెం చెప్పాలి. మహారాష్ట్ర చివర సిరోంచ తాలూకాలో, తెలంగాణకు ఎదురుగా ప్రాణహిత ఒడ్డున ఒక చిన్న ఊరు. అక్కడి హైస్కూలుకు తగిలించి పదకొండు, పన్నెండు తరగతులున్నాయి. వాటిని కలిపి జూనియర్ కాలేజీ అంటారు. సారు అందులో రాజనీతి శాస్త్రం చెప్పేవాడు, ప్రిన్సిపాల్ బాధ్యత కూడా ఆయనదే. కాలేజీకి గుర్తింపు ప్రభుత్వానిది, పరీక్షలు ప్రభుత్వానివి, తనిఖీలు ప్రభుత్వానివి. పాఠం చెప్పేవాళ్ల జీతం మాత్రం ఎవరిదీ కాదు. ఇలాంటివాటిని మా దగ్గర 'వినా అనుదానిత్', అంటే అనుదానం లేనివి, అంటారు. అనుదానం అంటే జీతాల కోసం ప్రభుత్వమిచ్చే సొమ్ము. ఆ సొమ్ము ఎప్పుడు, ఎవరికి, ఏ షరతు మీద వస్తుందో చెప్పే ప్రభుత్వ నిర్ణయాన్ని జీఆర్ అంటారు. సారు ఇరవై ఏళ్లకు పైగా జీతం లేకుండా పాఠం చెప్పాడు, జీఆర్ కోసం ఎదురుచూశాడు. ఇల్లు ఆయన వరిచేనూ, భార్య కుట్టుమిషనూ నడిపాయి.

సాయంత్రం కాలేజీ అయ్యాక ఆయన సిరోంచ వచ్చేవాడు. ఊళ్లో ఇంటర్నెట్ సరిగా అందదు, జీఆర్‌లు ఇంటర్నెట్‌లోనే వెలువడతాయి. బస్టాండు పక్కన మల్లయ్య టీ కొట్టులో గోడ వైపు బల్ల మీద కూర్చుని, కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, ఫోన్‌ను ముక్కు దాకా తెచ్చుకుని చూసేవాడు. చుట్టూ ఉన్నవాళ్లు, అందులో సగం మందికి ఏ బడితోనూ సంబంధం లేదు, ఆగి అడిగేవాళ్లు.

"ఏం అప్‌డేట్ సారూ?"

"ఇయ్యాల ఏం లేదు."

"అస్సలే ఏం లేదా?"

"ఏం లేదంటే రద్దు కూడ కాలేదన్నట్టు."

ఇది ఆయన హాస్యం కోసం అన్న మాట కాదు. నేను చాలాసార్లు ఆయన మొహం పరీక్షగా చూశాను. మందులు బాగా పనిచేస్తున్నాయని డాక్టరు చెప్పినప్పుడు రోగి మొహం ఎలా ఉంటుందో అలా ఉండేది.

జీఆర్ వచ్చిన రోజున దాన్ని కింది నుంచి చదివేవాడు. ప్రతి జీఆర్ చివరా అది ఎవరెవరికి పంపారో ఒక జాబితా ఉంటుంది. మంత్రిగారి కార్యదర్శి మొదలు జిల్లా అధికారుల దాకా అందరూ అందులో ఉంటారు. ఆయన ముందు ఆ జాబితా చూసేవాడు. "మీద ఏం రాసిండ్రన్నది తర్వాత. కింద ఎవరికి నకలు పోయిందో చూడాలె. మనకు పోకపోతే మీదిది మన సంగతి కాదు," అనేవాడు. జాబితా దాటి సంతకం, సంతకం దాటి షరతులు, షరతుల్లో చివరి దాని నుంచి మొదటి దాని దాకా. అలా పైకి ఎక్కుతూ ఎక్కుతూ విషయం దగ్గరికి చేరేసరికి టీ చల్లారిపోయేది, విషయం మీద ఆశ కూడా సగం చల్లారేది. మల్లయ్య రెండో టీ పెట్టేవాడు.

ఆ తర్వాత అనువాదం. జీఆర్ మరాఠీలో ఉంటుంది, రెండు మూడు పేజీలు. తల్లిదండ్రులకు ఆయన తెలుగులో చెబితే అది నాలుగు వాక్యాలయ్యేది. పెర్మిలి వైపు అడవి ఊళ్ల నుంచి పిల్లల్ని దింపడానికి వచ్చిన గోండు పెద్దలకు వాళ్ల మాటలో చెబితే ఒక్క ముక్కలో అయిపోయేది. ఆ ముక్కకు అర్థం ఏమిటని ఒకసారి అడిగాను.

"ఆగాలె," అన్నాడు.

కొన్నేళ్ల కిందట ఒకసారి ఆయన టీ కొట్టులో అందరికీ జిలేబీ పంచాడు. అనుదానం వచ్చిందనుకుని మల్లయ్య లేచి దండం పెట్టబోయాడు. సారు ఆపాడు. అప్పటిదాకా వాళ్ల కాలేజీ 'కాయం వినా అనుదానిత్', అంటే ఎప్పటికీ అనుదానం అడగనని ఒప్పుకుని పెట్టినది. ప్రభుత్వం ఇప్పుడు ఆ 'కాయం' అన్న మాటను తీసేసింది.

"అయితే జీతం వస్తదా?" అన్నాడు మల్లయ్య.

"జీతం రాదు. ఎన్నటికీ రాదన్న మాట పోయింది."

మల్లయ్య జిలేబీ వైపు చూశాడు, సారు వైపు చూశాడు, తిన్నాడు.

ఇంకోసారి శాసనసభ చలికాలం సమావేశాలప్పుడు నాగపూర్‌లో ధర్నాకు పోయి వచ్చాడు. సంచీ నిండా నారింజలు తెచ్చాడు. ఏం చెప్పారని అడిగితే "సకారాత్మక్ ఉన్నం అన్నరు," అన్నాడు. అంటే సానుకూలంగా ఉన్నామని. అటు తర్వాత సిరోంచ బస్టాండులో ఆ మాట బాగా స్థిరపడింది. అహేరి బస్సు వస్తుందా అని ఎవరైనా అడిగితే డిపో మనిషి కూడా "సకారాత్మక్ ఉన్నది" అనేవాడు. ఆ బస్సు కూడా అలాగే వచ్చేది.

నాకూ ఆయనకూ పరిచయం ఆయన కాలేజీలోనే జరిగింది. బాబాల మహిమలు బయటపెట్టే కార్యక్రమానికి పోయాను. అరచేతిలో కర్పూరం వెలిగించాను, గాలిలోంచి విభూతి తీశాను, అది ఎలా వచ్చిందో పిల్లలకు విడమరిచి చెప్పాను. ఆవేశంగా మాట్లాడాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. సారు వచ్చి, ఆ విభూతి తీయడం మరొక్కసారి చేయమన్నాడు. నమ్మకం కలగలేదేమో అనుకున్నాను.

"నమ్మినం గని ఫోటో సరిగ పడలే," అన్నాడు. "సహ పాఠ్య కార్యక్రమాలు జరుగుతున్నయని ఫోటో పెట్టాలె. జర బోర్డు కనపడేటట్టు నిలబడు."

బోర్డు కనపడేటట్టు నిలబడి మళ్లీ విభూతి తీశాను. ఆ ఫోటో ఏ ఫైలులో ఉందో, నేను మహిమలు చేసేవాడినని ఏ కార్యాలయం నమ్ముతోందో తెలియదు.

ఆ రోజు నుంచి నన్ను 'వక్తా' అని పిలిచేవాడు. అందులో గౌరవం ఎంత, ఎగతాళి ఎంత అన్నది నేను విడదీయలేకపోయాను. ఆయనకు దేవుడి మీద నమ్మకం లేదు. అది ప్రకటించుకునేవాడూ కాదు. కాలేజీ నడిపే సంస్థ అధ్యక్షుడు అనుదానం కోసం సత్యనారాయణ వ్రతం చేయిద్దామని అన్నప్పుడు, ఆయన "నకళ్ల జాబితాల దేవుని పేరు లేదు," అని ఊరుకున్నాడు. వ్రతం ఆగింది. నేను పుస్తకాలు రాసి ఆపలేని వ్రతాలున్నాయి.

మరి అలాంటి మనిషి అనుదానాన్ని నమ్మడం నాకు మింగుడుపడేది కాదు. ఒకసారి ఇద్దరం సిరోంచ నుంచి అహేరి పోతున్నాం. ఆ రోడ్డు మీద బస్సులో వాదించాలంటే సీటు ముందు కడ్డీ గట్టిగా పట్టుకోవాలి. పట్టుకున్నాను, మొదలుపెట్టాను.

"సారూ, మీ అనుదానం కూడ ఒక దేవుడే."

"ఎట్ల?"

"ఎవలూ చూడలే. ఉన్నదని మాత్రం అందరంటరు. దానికి పూజారులున్నరు, ముంబైల గర్భగుడి ఉన్నది. మొక్కులున్నయి, ఉపవాసాలున్నయి. మీరు ఇరవై ఏండ్ల సంది ఉపవాసమే ఉంటున్నరు. వరం రాకపోతే తప్పు దేవునిది కాదు, భక్తునిది. ఏదో కాయితం తక్కువ పెట్టిండంటరు."

బస్సు ఒక గుంతలో దిగి లేచింది. ఆయన కళ్లద్దాలు సర్దుకున్నాడు.

"దేవుడు జీఆర్ తీసిండా?"

"తియ్యలే."

"వీళ్లు తీసిండ్రు. దేవుడు షరతులు పెట్టిండా? ఇంత మంది పిల్లలుండాలె, ఇంత ఫలితం రావాలె, మరుగుదొడ్డికి తలుపుండాలె అని?"

"పెట్టలే."

"వీళ్లు పెట్టిండ్రు. ఇయ్యదలుచుకోనోడు షరతులు పెట్టడు వక్తా. ఊకె లేదంటడు."

"షరతులు ఏటేటా మారుస్తున్నరు గద."

"మారుస్తున్నరంటే మల్ల సదువుతున్నరన్నట్టు."

అహేరి వచ్చేదాకా నేను కడ్డీ పట్టుకుని కూర్చున్నాను. నా వాదాల్లో దేవుణ్ని నమ్మేవాళ్లు కోపం తెచ్చుకుంటారు, లేకపోతే ఏడుస్తారు. నమ్మకాన్ని ఇంత శుభ్రమైన తర్కంతో సమర్థించేవాడు నాకు అంతకుముందు దొరకలేదు. తర్కం శుభ్రంగా ఉన్నంత మాత్రాన జీతం రాదని నేను తర్వాత చాలా వ్యాసాల్లో రాశాను. అవి ఆయన చదివాడు.

ఇప్పుడు కాలేజీ ఫోటోల సంగతి చెప్పాలి. ఆయనకు రిటైర్మెంటు దగ్గరపడింది. మొదటి విడత అనుదానానికి అర్హమైన కాలేజీల జాబితా తయారవుతోందనీ, ప్రతి కాలేజీ తన గదులు, నల్లబల్లలు, తాగునీరు, మరుగుదొడ్లు ఫోటోలు తీసి ఎక్కించాలనీ ఆదేశం వచ్చింది. ఫోటో ఎక్కడ తీశారో దాని కింద ఊరి పేరు దానంతటదే పడే యాప్‌తోనే తీయాలి. జాబితాలో లేని కాలేజీకి అనుదానం లేకపోవడమే కాదు, గుర్తింపు కొనసాగింపు కూడా అనుమానమే. అంటే ఆ ఊళ్లో పదోది పాసైన ఆడపిల్లల చదువు పదో తరగతితో సరి.

కాలేజీలో చరిత్ర చెప్పే మేడం ఫోటోలు తీసింది. ఆమె కూడా ఆ కాలేజీలోనే చదివి, సారు మాట మీద అక్కడే జీతం లేకుండా చేరింది. ఫోటోలు చక్కగా వచ్చాయి. కింద పడిన ఊరి పేరు మాత్రం ప్రాణహిత అవతలి ఒడ్డుది. తెలంగాణ. వీళ్ల ఊరు చిన్నది, ఆ యాప్‌కు తెలియదు. తనకు తెలిసిన ఊళ్లలో దగ్గరిదేదో అది రాసిపెట్టింది.

సారు ఫోన్ పట్టుకుని గదుల్లోకి పోయాడు, డాబా ఎక్కాడు, మరుగుదొడ్ల వెనక్కి పోయాడు. ఎక్కడ తీసినా తెలంగాణే. సిరోంచ దారిలో చాలా దూరం నడిచి, బస్సు మలుపు దగ్గర నిలబడి తీస్తే అప్పుడు మహారాష్ట్ర పడింది. మహారాష్ట్ర పడే చోట కాలేజీ లేదు, కాలేజీ ఉన్న చోట మహారాష్ట్ర పడదు.

"బల్లలు, నల్లబోర్డు అక్కడికి తెచ్చి ఫోటో తీద్దాం సార్," అంది మేడం. "ఎవలు చూస్తరు?"

"మరుగుదొడ్డి ఎట్ల తెస్తవ్?" అన్నాడు సారు.

తీసిన ఫోటోలు తీసినట్టే ఎక్కించాడు, వివరణ జత చేశాడు. వివరణ ఎవరూ చదవలేదు. ఈ సంస్థ రాష్ట్ర సరిహద్దు వెలుపల ఉన్నట్టు కనిపిస్తోంది, కాబట్టి పరిశీలించలేము అని జిల్లా కేంద్రం గడ్చిరోలి నుంచి జవాబు వచ్చింది. ఇన్నేళ్లూ అక్కడికి ప్రశ్నపత్రాలు పంపిన ప్రభుత్వమే ఆ జవాబూ పంపింది. సారు గడ్చిరోలి పోయి వచ్చాడు, మళ్లీ పోయి వచ్చాడు. చివరికి ఒక అధికారి స్వయంగా వచ్చి, ఊరివాళ్ల సమక్షంలో పంచనామా రాసి, కాలేజీ ఎక్కడుందో ధ్రువీకరించాలని తేలింది.

సారుకు ఒక తనిఖీ చొక్కా ఉండేది. తెల్లటిది. కాలేజీ బీరువాలో కలరా ఉండలు వేసి దాచేవాడు, తనిఖీ రోజున మాత్రం తొడిగేవాడు. తనిఖీలు ఎన్ని జరిగినా ఆ చొక్కా పాతబడలేదు, లోపలి మనిషి మాత్రం దానికి వదులయ్యాడు. ఆ ఉదయం ఆయన ఆ చొక్కా వేసుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. నన్ను కూడా రమ్మన్నాడు. సాక్షులు ఎంతమంది ఉంటే అంత మంచిదన్నాడు.

సాక్షులు కావలసిన దానికంటే ఎక్కువమంది వచ్చారు. ఊరు ఊరంతా వచ్చింది. పెళ్లికి పోతున్నట్టు ఉతికిన బట్టలు కట్టుకుని వచ్చారు. సంగతి ఏమిటంటే, ఊరు ఏ రాష్ట్రంలో ఉందో తేల్చడానికి సాహెబు వస్తున్నాడని రాత్రికి రాత్రి పుకారు పాకింది. అవతలి ఒడ్డున ముసలివాళ్లకు పింఛను ఎక్కువ. రైతుకు పంట పెట్టుబడి ఇస్తారు. ఆడవాళ్లకు బస్సు ఉచితం. ఏటి మీదుగా ఆ కబుర్లు రోజూ వస్తూనే ఉంటాయి, చుట్టాలు సగంమంది అక్కడే. ఇన్నాళ్లకు ప్రభుత్వమే వచ్చి అడుగుతుంటే కాదనేంత అమాయకులు కారు వాళ్లు.

అధికారి వార్ధా వైపు మనిషి, తెలుగు ముక్క రాదు. వేప చెట్టు నీడలో బల్ల వేయించుకుని కూర్చున్నాడు. అనువాదం చేయడానికి సారు తప్ప వేరే ఎవరూ అంత బాగా రెండు భాషలూ తెలిసినవాళ్లు లేరు.

మొదట సమ్మయ్య లేచాడు. ఏటి ఒడ్డున రెండెకరాల రైతు. "సాహెబ్, ఫోటోల ఏం పడ్డదో గదే రాయుండ్రి. మాకేం అభ్యంతరం లేదు."

అధికారి సారు వైపు తిరిగి ఏమంటున్నాడని మరాఠీలో అడిగాడు.

సారు ఉన్నదున్నట్టు చెప్పాడు. "ఫోటోలో పడిన పేరే సరైనదని అంటున్నాడు."

అధికారి కలం ఆగింది. నేను సారు మోచేయి గిల్లాను. "జర మార్చి చెప్పుండ్రి సారూ. మీ కాలేజీ పోతది."

"మార్చి చెప్తే అది పంచనామా కాదు, నీ ఉపన్యాసం," అన్నాడు ఆయన, నా వైపు తిరగకుండా.

తర్వాత రాజవ్వ లేచింది. మనవరాలు అదే కాలేజీలో పదకొండో తరగతి. "రాయి బిడ్డా, మాది తెలంగాణనే. ఇన్నేండ్లకు ఒక ఫోటో నిజం చెప్పింది."

సారు అదీ చెప్పాడు. ముసలావిడ స్వరంలో ఉన్న సంతోషం కూడా పోకుండా చెప్పాడు. అధికారి, తాను ఊరి కోసం రాలేదనీ, కాలేజీ కోసం మాత్రమే వచ్చాననీ అన్నాడు. సారు దాన్ని తెలుగులోకి తెచ్చాడు.

"అట్లయితే కాలేజీని ఈడ ఉంచి ఊరిని ఆడ రాయుమనుండ్రి," అన్నాడు సమ్మయ్య.

అధికారి టోపీ తీసి తల గోక్కున్నాడు. ఊరివాళ్ల సంతకాలు లేకుండా పంచనామా లేదు, ఊరివాళ్లు చెప్పినట్టు రాస్తే కాలేజీ లేదు. మేడం గోడకు ఆనుకుని నేల చూస్తోంది.

అప్పుడు సారు, ఇక తన మాట చెబుతానని అధికారికి చెప్పి, జనం వైపు తిరిగాడు.

"అవతల పింఛను ఎక్కువ, నిజమే. బస్సు ఫిరీ, అదీ నిజమే. కాని ఈ కాయితం తోటి ఊరు ఏరు దాటదు. దాటేది పదకొండు పన్నెండు ఒక్కటే. అది గూడ అవతలికి చేరదు, ఎటూ కాకుంట పోతది. గంతే."

"నీ జీతం కోసం అంటున్నవ్ సారూ," అన్నాడు సమ్మయ్య. కోపంగా కాదు, లెక్క తేల్చుకోవడానికి అన్నట్టు.

"అవును. జీతం కోసం గూడ," అన్నాడు సారు.

ఈ ఒప్పుకోలుతో జనానికి ధైర్యం వచ్చింది. "ఇన్నేండ్లు పైస ఇయ్యని సర్కారును పట్టుకోని ఎందుకు యాలాడుతవయ్యా?" అంది రాజవ్వ. "అటే పోదాం పా. మీ ఇంటామెనే అడుగుదాం. ఏమమ్మా, నువ్వు చెప్పు. అటా, ఇటా?"

సారు భార్య అధికారికి టీ తెచ్చి అక్కడే నిలబడి ఉంది. నేనామెను వదినా అనేవాణ్ని. సభల్లో మాట్లాడే మనిషి కాదు. గ్లాసు బల్ల మీద పెట్టి, కొంగు సర్దుకుంది.

"అటు పోతే మల్ల మొదటి నుంచి ఎదురుచూడాలె అవ్వా," అంది. "ఇక్కడ సగం చూసినం."

ఎవరి సంగతి వాళ్లకు గుర్తొస్తున్నట్టుంది. సమ్మయ్య అటవీ భూమి పట్టాకు ఏళ్ల కిందట దరఖాస్తు పెట్టాడు, అది ఎవరో అధికారి దగ్గర ఆగింది. రాజవ్వకు ఇల్లు మంజూరైంది, పునాది దాకా డబ్బు వచ్చింది, గోడలకు రావాలి. ఒకరికి బావి, ఒకరికి కరెంటు మీటరు. ఏరు దాటితే అవన్నీ రద్దు. మొదటి దరఖాస్తు నుంచి మళ్లీ మొదలుపెట్టాలి, కొత్త సాహెబులు, కొత్త కాగితాలు. ఇన్నేళ్ల నిరీక్షణ ఒక ఆస్తి అని అప్పటిదాకా వాళ్లకు తట్టలేదు.

"గా మాట నిజమే," అన్నాడు సమ్మయ్య చివరికి. "నా పట్టా కలెక్టర్ ఆఫీస్ దాక పోయింది."

"నాయి గోడలు రావాలె," అంది రాజవ్వ. వేలు చాపింది. "యాడ వెయ్యాలె నిశాని?"

సారు ఆ మాటలన్నీ మరాఠీలోకి తెచ్చాడు. తన భార్య మాట కూడా. అధికారి రాసుకున్నాడు, టీ తాగాడు. కాలేజీ మహారాష్ట్రలో ఉందని ఊరంతా సంతకాలు, వేలిముద్రలు వేసింది. దాన్ని హేతువాదం కాదనడానికి నాకు ఏ హేతువూ దొరకలేదు.

కాలేజీ పేరు జాబితాలోకి ఎక్కింది. జాబితా ఎక్కడం వేరు, జీఆర్ రావడం వేరు. ఈలోగా సారుకు వయసు నిండింది. వీడ్కోలు సభలో శాలువా కప్పబోతే, ఏ ఖాతా నుంచి కొన్నారని అడిగాడు. మేడం తన సొంత డబ్బని చెప్పాక కప్పించుకున్నాడు. అటు తర్వాత కూడా రోజూ మల్లయ్య కొట్టుకు వచ్చాడు, ఫోన్ ముక్కు దాకా తెచ్చుకున్నాడు, రద్దు కాలేదని చెప్పాడు.

మరుసటి ఏడు జీఆర్ వచ్చింది. మల్లయ్య కొట్టులో నేనూ ఉన్నాను. కింది నుంచి చదువుతూ పైకి పోయాడు. నకళ్ల జాబితాలో మా జిల్లా ఉంది. షరతుల్లో ఒకటి, ఆ తేదీ నాటికి ఉద్యోగంలో ఉన్నవాళ్లకే ఇది వర్తిస్తుందని. దాన్ని కూడా మిగతావాటి గొంతుతోనే చదివి, పైకి పోయాడు. అనుబంధంలో కాలేజీ పేరు కనిపించాక ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"ఏం అప్‌డేట్ సారూ?" అన్నాడు మల్లయ్య.

"మంజూరైంది," అన్నాడు. ఆ రోజు టీ రెండోసారి పెట్టాల్సిన అవసరం రాలేదు.

ఆ తర్వాత కొన్నాళ్లకు ఒక ఆదివారం నేను ఆయన ఇంటికి పోయినప్పుడు మేడం వచ్చింది. పేడా మిఠాయి డబ్బా, చేతిలో ఒక కాగితం. వంగి కాళ్లు మొక్కబోయింది. సారు కాళ్లు వెనక్కి లాక్కున్నాడు. "గది సిలబస్‌ల లేదమ్మా," అన్నాడు. ఎన్నిసార్లు చెప్పినా ఆ పిల్ల వంగేది, ఎన్నిసార్లు వంగినా ఆయన అదే మాట అనేవాడు. ఆమె కాగితం ఆయన చేతికిచ్చింది. అది ఆమె మొదటి జీతం చీటీ.

సారు కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టాడు. ఇరవై ఏళ్లు అనుదానం గురించి తాలూకా అంతటికీ చెప్పిన మనిషి. జీతం చీటీ ఆయన చూడడం అదే మొదటిసారి. ముందు కింద చూశాడు, తర్వాత మీద, తర్వాత పక్కలు. మూల వేతనం అన్న గడి మీద వేలు పెట్టి కాసేపు అక్కడే ఉంచాడు.

"ఇట్లుంటదా," అన్నాడు.

నేను ఆగలేకపోయాను. "సారూ, ఇన్నేండ్లు మీరు కొలిచిన దేవుడు వరమిచ్చేటప్పుడు మిమ్మల్నే విడిచిపెట్టిండు. ఇప్పుడన్న ఒప్పుకుంటరా?"

మేడం తల దించుకుంది. సారు నా వైపు చూశాడు. ఆ మొహంలో నొప్పి ఉందేమోనని వెతికాను. నాకు దొరకలేదు, అంటే లేదని కాదు.

"దేవుడైతే నా మొఖం చూసి ఇచ్చేటోడు వక్తా," అన్నాడు. "ఇది సర్కారు. మొఖం చూడలే, పోస్టు చూసింది. మొఖం చూసి ఇయ్యొద్దనే గద నువ్వు సభలల్ల మొత్తుకునేది?"

నా దగ్గర జవాబు ఉంది. మొహం చూడకపోవడం న్యాయం, కాలం చూడకపోవడం అన్యాయం. ఒక మనిషి పనిచేసే వయసంతా వాడుకుని, ఆ వయసు అయిపోయాక షరతు రాసే ప్రభుత్వం, భక్తుణ్ని పరీక్షించే దేవుడికంటే నయమేమీ కాదు. దేవుడికి కనీసం లేడన్న సాకు ఉంది. ఇదంతా అప్పుడు అనలేదు, ఆ పిల్ల ముందు అనడం బాగుండదనిపించింది. ఇక్కడ రాస్తున్నాను, ఆయన చదవడు కాబట్టి వాదం గెలిచినట్టు కాదు.

వదిన లోపలి నుంచి వచ్చింది. పేడా ఒకటి నాకిచ్చింది, ఒకటి మేడం నోట్లో పెట్టింది. సారు చీటీని ఇంకా రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు, గడులు ఒక్కొక్కటిగా చదువుతున్నాడు. ఆమె కాసేపు చూసింది. తర్వాత ఆయన భుజం మీద మెల్లగా చెయ్యి వేసింది.

"ఇయ్యుండ్రి ఇగ," అంది. "గది ఆ పిల్లది."